లావు తీగల గిటారూ, మాస్టారింటి పెళ్ళీ

మా కింది వాటాలోకి ఈమధ్య ఒక కుటుంబం కొత్తగా కిరాయికి వచ్చింది. మొన్న ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే, గట్టు మీద బోర్లించిన స్టీలు గ్లాసు సన్నగా వణికింది. చెవికి ఏమీ వినిపించలేదు కానీ అరికాళ్ళకు ఏదో తగిలినట్టయింది. చెప్పులు విడిచి, గచ్చు మీద పాదాలు ఆనించి, కాసేపు కదలకుండా నిలబడ్డాను. కింద ఎవరో బేస్ గిటారు సాధన చేస్తున్నారు. అదే వరస మళ్ళీ మళ్ళీ, ఒకచోట తడబడి, మొదటికి వచ్చి, మళ్ళీ అక్కడే తడబడి. గోడల్నీ స్లాబునూ దాటి పైకి రాగలిగేది లావు తీగల చప్పుడొక్కటే. గొంతులూ మాటలూ సన్నతీగలూ అన్నీ కిందే ఆగిపోతాయి. వాళ్ళమ్మాయి వాయిస్తోందని తర్వాత తెలిసింది. నాకు మాత్రం ఆ పూట గిన్నెలు సర్దడం కాలేదు. పొయ్యిగట్టుకు ఆనుకుని అట్లాగే ఉండిపోయాను.

మన ఈడు వాళ్ళకు ఆర్కెస్ట్రా అంటే ఏమిటో విడమరిచి చెప్పనక్కర్లేదు. పెళ్ళి విందులో ఒక మూల చిన్న స్టేజీ, దాని మీద ఒక కీబోర్డు, డ్రమ్ములు, గిటారు, మెరుపుల చీర కట్టుకున్న గాయని, ముందు వరసలో పిల్లల గంతులు, వెనక వరసలో పెరుగన్నం కలుపుకుంటూనే పాటకు తల ఊపే పెద్దమనుషులు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీనగర్ దాకా రోడ్డుకు అటూ ఇటూ ఉన్న ఫంక్షన్ హాళ్ళన్నిటిలోనూ మేం వాయించాం. మేం అంటే, మాస్టారు, మాస్టారి అమ్మాయి, మా అన్న, నేను.

మాస్టారిది తెనాలి పక్కన ఒక పల్లె. నేను పుట్టకముందే ఈ ఊరొచ్చి, ఒక ప్రైవేటు బడిలో సంగీతం చెబుతూ, ఎల్‌బీనగర్ వెనక ఒక కాలనీలో చిన్న ఇల్లు కట్టుకున్నారు. కీబోర్డు ఆయనే వాయించేవారు, పాటలు వాళ్ళమ్మాయి పాడేది. అన్న మా పెద్దనాన్న కొడుకు, నాకంటే చాలా పెద్ద, మా ఇంట్లోనే పెరిగి పెళ్ళయ్యాక వేరే కాపురం పెట్టాడు. పగలు బస్సులో కండక్టరు, సాయంత్రాలు డ్రమ్ములు. మాది పోచంపల్లి మగ్గాల కుటుంబం. నాయన మగ్గం మాని దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో కుదిరాక సరూర్‌నగర్‌లో ఇల్లు తీసుకున్నాం. నేను డిగ్రీ అయ్యాక ఒక కోచింగ్ సెంటర్ ఆఫీసులో పని చేస్తూ, సరదాగా గిటారు నేర్చుకుందామని అన్న వెంట మాస్టారి దగ్గరికి పోయినదాన్ని.

ఆ రోజుల్లో ఆర్కెస్ట్రాలకు బేస్ గిటారు ఉండేది కాదు. కీబోర్డు వాయించే మనిషే ఎడమచేత్తో ఆ కింది స్వరాలన్నీ లాగించేసేవాడు, ఇంకొక మనిషిని పెట్టుకోవడం ఎందుకని. మాస్టారూ అట్లాగే వాయించేవారు. కానీ రానురాను ఆయన ఎడమచేతి వేళ్ళు బిగుసుకుపోవడం మొదలైంది. పొద్దున లేచి గోరువెచ్చని నీళ్ళలో చెయ్యి పెట్టుకుంటే గానీ పిడికిలి విచ్చుకునేది కాదు. ఒక సాయంత్రం డాబా మీది గదిలో సాధన చేస్తూ చేస్తూ ఆయన చెయ్యి పక్కకు తీసేశారు. పాట సాగుతూనే ఉంది, వాళ్ళమ్మాయి పాడుతూనే ఉంది, కానీ కింద నేల లేనట్టు పాటంతా గాలిలో వేలాడింది. ఆయన నా వంక చూసి, "అమ్మాయ్, సన్నతీగలు వాయించేవాళ్ళు వీధికి నలుగురున్నారు. నువ్వు లావుతీగలు పట్టుకోకూడదూ? నా ఎడంచెయ్యి నీకిచ్చేస్తాను" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ, ఆ మాట విని వాళ్ళమ్మాయి కళ్ళు దించుకుంది.

గిటారు కొనడానికి ముగ్గురం సికింద్రాబాదు పోయాం. ఆ దుకాణం నా కళ్ళకు ఇప్పటికీ కట్టినట్టే ఉంటుంది. పొడుగ్గా, చీకటిగా, లోపలికి పోయేకొద్దీ చల్లబడుతూ, రెండు గోడలకూ వేలాడే గిటార్లతో ఏదో గుహలా ఉండేది. మాస్టారికి ఎర్రగా మెరిసే అయిదు తీగలది నచ్చింది. అందులో చిన్న బ్యాటరీ ఉంటుందనీ, ఆ శక్తితో స్వరం ఇంకా స్పష్టంగా, ఇంకా పదునుగా పలుకుతుందనీ దుకాణం అతను చెప్పాడు. అన్నకు కొమ్ములు పొడుచుకొచ్చిన నల్లది నచ్చింది. స్టేజీ మీద చూడ్డానికి బాగుంటుందని. నాకు అసలు గిటారు మెడ మీది మొదటి మెట్టు దాకా చెయ్యే అందడం లేదు. నా అవస్థ చూసి అతను మెడ పొట్టిగా ఉండేది ఒకటి తీసిచ్చాడు. చేతికి హాయిగా ఒదిగింది కానీ, అన్నిటికంటే లావుతీగను మీటితే స్వరం వదులుగా, పాత నులకమంచంలా కుంగిపోయింది.

అప్పుడు కనిపించింది మూలన కుర్చీకి ఆనించి పెట్టినది. తేనెరంగు, నాలుగు తీగలు, ఎవరో వాడి అమ్మేసింది. బొటనవేలు ఆనించే చోట రంగు పోయి లోపలి చెక్క నున్నగా తేలింది. ఎవరిదని అడిగితే, చర్చిలో వాయించిన ఒక పెద్దాయనది, ఆయన ఇక వాయించడం లేదన్నాడు. ఎత్తితే ఏడాది పిల్లను ఎత్తుకున్నంత బరువు. తీగలు కూడా మామూలువి కావు. పైన చుట్టిన తీగ గరుకుగా లేకుండా పట్టీలా చదునుగా ఉన్నవి, వేళ్ళు జారుతుంటే కీచుమనవు. స్పీకరుకు తగిలించి, ఏ మెట్టూ నొక్కకుండా లావుతీగను ఒక్కసారి మీటాను. అద్దాల బీరువా తలుపు సన్నగా దడదడలాడింది. బయట బస్సుల హారన్లన్నీ దూరం జరిగినట్టయింది. ఆ స్వరం ఆగే దాకా మాస్టారు కళ్ళు మూసుకునే ఉన్నారు. మాస్టారు కళ్ళు తెరిచి, "ఇంక వేరేవి చూపించక్కర్లేదు బాబూ" అన్నారు.

స్పీకరు డబ్బా సంగతి వేరే. గదిలోకి చిన్నది చాలు గానీ, షామియానా కింద, ఆరుబయట, కింది స్వరాలు అంత సులువుగా నిలవవు, గాలి తాగేస్తుంది. దానికి పెద్ద స్పీకరు కావాలి, పెద్ద స్పీకరుకు బరువైన డబ్బా కావాలి. చివరికి చక్రాలున్నది ఒకటి, అదీ పాతదే, దొరికింది. దాన్ని ఆటోలో ఎక్కిస్తే నాకు చోటుండేది కాదు. డ్రైవరు పక్కన ఒక పక్కగా వేలాడుతూ పోయేదాన్ని. భుజానికి వేసుకునే పట్టీ నాయన చేసిచ్చాడు. దుకాణంలోది సన్నగా ఉండి భుజం కోసుకుపోతోందని చెప్తే, పాత పోచంపల్లి దుప్పటిని నాలుగు మడతలేసి, మధ్యలో దూది పెట్టి కుట్టించి తెచ్చాడు. ఎరుపూ నలుపూ చౌకళ్ళ మధ్య తెల్లటి గీతలు చెదిరిన నీళ్ళలా ఉండేవి. పాడేదాని చీర కంటే నా పట్టీనే బాగుందనేవాళ్ళు కొందరు.

అమ్మకు మాత్రం ఈ వాద్యం ఎంతకీ బోధపడలేదు. మొదటిసారి మా ప్రోగ్రాం చూడ్డానికి వచ్చి, అంతా అయ్యాక నన్ను పక్కకు పిలిచి, "అందరిది ఇనబడ్డది, నీదే ఇనబడలేదు. గంత బరువు మోసుడెందుకే మరి?" అంది జాలిగా. అన్న పక్కనుంచి నవ్వుతూ, "చిన్నమ్మా, అది వాయించుడు ఆపితే తెలుస్తది నీకు, ఏం పోయిందో" అన్నాడు.

నిజానికి నాకు నచ్చింది అదే. స్టేజీ మీద అందరి కళ్ళూ పాడేదాని మీద ఉంటాయి. నేను వెనక, డ్రమ్ములకూ కీబోర్డుకూ మధ్య నిలబడేదాన్ని. ఒక చెవి అన్న కాలి కింద దుమ్ దుమ్మనే పెద్ద డ్రమ్ము మీద, ఇంకో చెవి మాస్టారి కుడిచేతి మీద. రెండూ ఒకదాన్నొకటి పట్టుకునేలా చూడటమే నా పని. అన్నీ కుదిరిన సాయంత్రాల్లో, షామియానా గుడ్డ మెల్లగా ఉబ్బి తగ్గుతుంటే, దీపాల చుట్టూ పురుగులు తిరుగుతుంటే, కొత్త చీరల వాసనా మల్లెపూల వాసనా వేడివేడి పూరీల వాసనా కలగలిసి వస్తుంటే, నా వేళ్ళు నావి కానట్టు, ఎవరో నిద్రలో ఊపిరి పీల్చి వదులుతున్నట్టు వాటంతట అవే కదిలేవి. ఇరవైల్లో ఉన్న ఆడపిల్లకు లోకంలో తనకంటూ ఒక చోటు దొరకడం ఎంత హాయో, ఆ చోటు ఎవరికీ కనిపించనిదైతే మరీ హాయి.

అట్లా నడుస్తుండగా తెలంగాణ ఉద్యమం వచ్చింది. వచ్చింది అనడం సరికాదేమో, అది ఎప్పటినుంచో ఉంది. మా రోడ్డు మీదికి మళ్ళీ వచ్చింది. ఎల్‌బీనగర్ చౌరస్తాలో రాస్తారోకోలు, విద్యార్థుల ఊరేగింపులు, వారానికో బంద్. కోచింగ్ పిల్లలు హాస్టళ్ళు ఖాళీ చేసి ఊళ్ళకు పోతే, ఎప్పుడూ మనుషులు పట్టని దిల్‌సుఖ్‌నగర్ సందులు పండగ మర్నాటి బడిలా బోసిపోయేవి. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టుకు లారీలు రాని రోజుల్లో గాలిలో బత్తాయిల వాసన కూడా ఉండేది కాదు. కానీ సాయంత్రమయ్యేసరికి ఏదో ఒక మూలనుంచి డప్పు వినిపించేది. ఆ డప్పు వింటే అన్న అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. వాళ్ళ నాయన, అంటే మా పెద్దనాన్న, వెనకటి ఉద్యమంలో జైలుకు పోయి వచ్చినవాడు. ఆ మాట ఇంట్లో ఎవరూ పెద్దగా ఎత్తేవాళ్ళు కాదు గానీ, అన్న లోపల అది ఎట్లా ఉండిందో అప్పుడు తెలిసింది.

ఆ ఏడు వినాయక చవితికి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మండపం దగ్గర మా ప్రోగ్రాం. సాయంత్రం, బాగా జనం. సినిమా పాటలు నడుస్తున్నాయి. ముందు వరసలోంచి కొందరు తెలంగాణ పాట కావాలని కేకలేశారు. మాస్టారు విననట్టు తరవాతి పాట ఎత్తుకున్నారు. అన్న సగం పాటలో దరువు మార్చేశాడు. డ్రమ్ముల మీదే డప్పు దెబ్బ పలికించాడు, జనం ఒక్కసారిగా లేచి ఈలలు, గంతులు. మాస్టారు కీబోర్డు మీదినుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. వాళ్ళమ్మాయి మైకు కిందికి దించింది. ఇద్దరి మధ్యా నేను. నాకు ఆలోచించే వ్యవధి కూడా లేదు. నా వేళ్ళు డ్రమ్ము వెంట పోయాయి. ఆ జనంలో ఎవరో పాట అందుకున్నారు, మండపం మండపమంతా పాడింది. ఆ పది నిమిషాలూ వొళ్ళు గగుర్పొడిచినంత బాగుందని చెప్పక తప్పదు. పక్కకు చూస్తే మాస్టారు స్టేజీ మెట్ల మీద కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు.

మర్నాడు డాబా మీది గదిలో మాటామాటా వచ్చింది.

"ముందొక మాట చెబితే నేనూ వాయించేవాణ్ణి కదయ్యా. నలుగురిలో అట్లా వదిలేసి పోతావా?" అన్నారు మాస్టారు.

"చెప్తే వాయిస్తుండెనా మాస్టారూ? నిజం చెప్పుండ్రి. మా పాట మీకు పాట లెక్క అనిపిస్తదా?" అన్నాడు అన్న.

"పాట బాగానే ఉంది. ఆ పాటలో నేనెక్కడున్నానో అది చెప్పు. నన్ను పొమ్మంటున్నారో ఉండమంటున్నారో తెలీకుండా శ్రుతి ఎట్లా పట్టుకోను?"

అన్న లేచాడు. తన డ్రమ్ములన్నీ విప్పి, ఒక్కొక్కటే మెట్ల మీదుగా కిందికి దించుకుపోయాడు. మాస్టారు తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డారు, డ్రమ్ములు గోడకు తగలకుండా. అదీ మా ఆర్కెస్ట్రా విడిపోయిన తీరు. ఎవరూ గొంతు పెంచింది లేదు.

తరవాత నేను ఇద్దరి దగ్గరికీ పోయేదాన్ని. మాస్టారు డ్రమ్ముల బదులు ఒక మిషను పెట్టుకున్నారు, అది అలసిపోదు, నవ్వదు కూడా. అన్న ధూంధాం అనే ఉద్యమ పాటల సభల్లో డప్పు బృందంతో తిరిగేవాడు, నన్నూ పిలిచేవాడు. మాస్టారింట్లో అడిగేవాళ్ళు, అన్న ఎట్లా ఉన్నాడని. అన్న అడిగేవాడు కాదు గానీ, నేను మాస్టారి ఊసెత్తితే తల వంచుకుని వినేవాడు. ఆ మధ్యలోనే మాస్టారి అమ్మాయికి సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు వాళ్ళది విజయవాడ. ఇక్కడ కొత్తపేట దగ్గరి ఫంక్షన్ హాల్లో పగటి ముహూర్తం. శుభలేఖ పట్టుకుని మాస్టారే అన్న ఇంటికి పోయారు. అన్న డ్యూటీలో ఉన్నాడు. వదిన తీసుకుని బొట్టు పెట్టించుకుంది. సాయంత్రం అన్న ఆ శుభలేఖ తిప్పి తిప్పి చూసి, టీవీ మీద పెట్టి, "చూద్దాం" అన్నాడు.

పెళ్ళి ఇంకా రెండు రోజులుందనగా పిలుపు వచ్చింది: విజయవాడ రోడ్డు పొడుగునా వంటావార్పు. అంటే రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే తిని, సాయంత్రం దాకా బండి కదలనియ్యకుండా కూర్చోవడం. మాస్టారు మగపెళ్ళివాళ్ళకు ఫోను చేసి ముందు రోజే బయలుదేరమని బతిమాలారు. పెళ్ళివాళ్ళ బస్సు ఎవరాపుతారండీ అని వాళ్ళు తెల్లవారుజామున గానీ బయలుదేరలేదు.

ఆ పొద్దున నేను గిటారు వీపున వేసుకుని సరూర్‌నగర్ నుంచి నడిచి హాలుకు పోయేసరికి అరటిబోదెలు, మామిడాకులు, కుర్చీలు అన్నీ ఉన్నాయి. మనుషులు సగం కూడా లేరు. కరెంటు లేదు. ఉద్యమంలో భాగంగా బొగ్గుగనుల్లో సమ్మె జరిగి, కోతలు ఎక్కువైన రోజులవి. పెళ్ళికూతురు బుట్టబొమ్మలా తయారై గదిలో కూర్చుంది. సన్నాయి మేళం వాళ్ళు అదే బస్సులో వస్తున్నారు. ఆ బస్సు ఎల్‌బీనగర్ చౌరస్తాకు అవతల లారీల వెనక ఇరుక్కుపోయిందని ఫోను వచ్చింది. మాస్టారు పట్టుపంచెలో గేటు దగ్గర నిలబడి రోడ్డు వంక చూస్తున్నారు. నన్ను చూసి, "ముహూర్తం దాటిపోతుందేమోనమ్మా" అని ఒక్క మాటే అన్నారు. ఆయన చేతివేళ్ళు ముడుచుకుపోయి ఉన్నాయి.

అన్నకు ఫోను చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. ఎక్కడున్నాడో నాకు తెలుసు. భుజం మీది గిటారు దించకుండానే రోడ్డెక్కాను.

ఆ నడక నాకు ఇప్పటికీ కలలో వస్తుంటుంది. ఏనాడూ నిముషం ఖాళీ ఉండని రోడ్డు నది ఎండిపోయినట్టు వెడల్పుగా, నిశ్శబ్దంగా పడి ఉంది. మధ్య గీత మీద కోడిపిల్లలు తిరుగుతున్నాయి. పిల్లలు వికెట్లు పెట్టి క్రికెట్ ఆడుతున్నారు. మూడేసి ఇటుకల పొయ్యిల మీద డేగిసాలు, పొగ, పచ్చిపులుసు వాసన. బతుకమ్మ ఆడుతున్నట్టు గుండ్రంగా తిరుగుతూ పాడుతున్న ఆడవాళ్ళు. ఒక ముసలమ్మ రోడ్డు మధ్యలో చాప వేసుకుని, జీవితంలో మొదటిసారి దానికి అటూ ఇటూ చూడకుండా దాటానని నవ్వుతూ చెబుతోంది. పొగ వెనక ఎండ పలచబడి, మనుషులందరూ నీళ్ళలో ఉన్నట్టు మెల్లగా కదులుతున్నారు.

చౌరస్తాలో అన్న కనిపించాడు, మెడలో డప్పుతో, చెమటలు కక్కుతూ. పక్కన ట్రాలీ ఆటో మీద బ్యాటరీ మైకుసెట్టు. దగ్గరికి పోయి సంగతి చెప్పాను. దరువు ఆపలేదు, నా మొహం వంక చూస్తూనే కొడుతున్నాడు. ఒక్కసారి ఆపేశాడు.

"మూర్తం ఎప్పుడు?"

"గంటన్నర ఉంది. బస్సు రాదన్నా. మీరు ఇడిసిపెట్టినా ముంగటున్న లారీలు కదలయి."

అన్న డప్పు కర్రలు నడుముకు దోపుకున్నాడు. పోయి మైకు అందుకున్నాడు. "అక్కలారా, అన్నలారా! జర ఇనుండ్రి. మన పిల్ల పెండ్లి ఉన్నది. పిల్లగాడు ఆ లారీల ఎనక బస్సుల పరేషాన్ అయితున్నడు. నడిపిచ్చుకొని పోదామా?"

ఆ పిల్ల ఎవరి పిల్ల, ఎక్కడి పిల్ల అని ఎవరో ఒకరు అడుగుతారనుకున్నాను. చాప మీది ముసలమ్మలాంటి ఒకావిడ గరిటె పట్టుకునే లేచి, "పెండ్లంటే పోవద్దా మరి, ఏం సూస్తున్నరు?" అంది. అంతే, జనం కదిలింది.

డప్పులతో, జెండాలతో అంతమంది తమ వైపే వస్తుంటే బస్సులో వాళ్ళకు పైప్రాణాలు పైనే పోయాయి. కిటికీ అద్దాలు టకటకా మూసేశారు. పెళ్ళికొడుకు తండ్రి తలుపు గొళ్ళెం పట్టుకుని వదలడు. అన్న అద్దం మీద వేలితో కొట్టి, "దిగుండ్రి బాబాయ్, భయపడకుండ్రి. మాస్టారు మా మాస్టారే. నేను ఆయన దగ్గర డ్రమ్స్ కొడ్తుండె" అన్నాడు. నన్నూ, నా వీపు మీది గిటారునూ చూశాక గానీ తలుపు తెరుచుకోలేదు. పిల్లలకు అప్పటికప్పుడు విస్తళ్ళలో ఇంత అన్నం, టమాట పప్పు పెట్టారు. ముసలివాళ్ళనూ సామాన్లనూ ట్రాలీ ఆటోల్లో ఎక్కించారు. సన్నాయి వాళ్ళలో డోలు మోసే పెద్దాయనకు పొద్దుటినుంచీ వాంతులు. ఆయన ఒక ట్రాలీలో పడుకున్నాడు.

పెళ్ళికొడుకు పట్టుపంచె కట్టుకుని, తలపాగా పెట్టుకుని, ఖాళీ హైవే మధ్యలో నడిచాడు. ఎవరో గొడుగు పట్టారు. ముందు డప్పులు. అన్న నా గిటారు వైరును ట్రాలీ మీది మైకుసెట్టుకు తగిలించాడు. ఆ గొట్టం స్పీకర్లలో కింది స్వరాలు పలకవని నాకు తెలుసు. మీటితే నా బరువైన లావుతీగ దోమలా కుయ్యిమంది. అందరితోపాటు పెళ్ళికొడుకు కూడా ఫక్కున నవ్వాడు. అయినా ఆపలేదు, డప్పు వెంట దోమ పాడుతూనే ఉంది. పొయ్యిల దగ్గరి ఆడవాళ్ళు పసుపునీళ్ళతో దిష్టి తీశారు. ఒకచోట నినాదాలు, వెంటనే పెళ్ళిపాట, మళ్ళీ నినాదాలు. కొత్తపేట దాకా ఆ రోడ్డంతా ఒకే ఇంటి వాకిలిలా అనిపించింది.

హాలు దగ్గర డప్పులు విని వాచ్‌మన్ గేటు మూయబోయాడట. మాస్టారు వద్దని ఆపారట. ఆ దరువు ఎవరిదో ఆయనకు దూరం నుంచే తెలిసిపోయింది. మేం మలుపు తిరిగేసరికి ఆయన గేటు తెరిచి రోడ్డు మీదికి వచ్చి నిలబడి ఉన్నారు.

"మీ అల్లుణ్ని తెచ్చిన మాస్టారూ," అన్నాడు అన్న, గేటు బయటే ఆగి. "సరిగ్గ చూస్కోండ్రి, మా దిక్కునుంచి అయితే ఏం తక్కువ చెయ్యలే."

మాస్టారు అన్న చెమట చొక్కా మీద చెయ్యి వేశారు. లోపల పురోహితుడు తొందర పెడుతున్నాడు. ఆయన్ను లోపలికి పట్టుకుపోయారు. అన్న లోపలికి రాలేదు, డప్పులవాళ్ళతో గేటు దగ్గరే నిలబడ్డాడు.

జీలకర్ర బెల్లం వేళకు తెరసెల్లా పట్టారు. పురోహితుడు మంత్రం చదువుతూ చెయ్యెత్తి, "గట్టిమేళం! గట్టిమేళం!" అని కేక వేశాడు. సన్నాయి ఆయన వాద్యం నోట పెట్టుకున్నాడు గానీ డోలు ఆయన ఇంకా పడుకునే ఉన్నాడు. కరెంటు లేదు, కీబోర్డు మూగది, నా గిటారూ మూగదే. ఆ ఒక్క క్షణం హాలంతా బిక్కచచ్చిపోయింది. మాస్టారు పెళ్ళిపీటల దగ్గరినుంచి లేచి, గేటు వైపు తిరిగి, అందరి తలల మీదుగా, ఆర్కెస్ట్రాలో పాట ఎత్తుకొమ్మని చెప్పేటప్పటిలా కుడిచెయ్యి పైకెత్తి దించారు.

అన్న డప్పు మోగింది. వెంటనే మిగతావన్నీ. ఆ హాలు గోడలు అంతకుముందు అట్లాంటి గట్టిమేళం విని ఉండవు. సన్నాయి ఆయన ఒక్కసారి తిరిగి చూసి, తన స్వరం పెంచి, ఆ దరువు మీదికి ఎక్కాడు. తెర దిగింది. అక్షింతలు. నేను స్టేజీ మూలన నిలబడి, కరెంటు లేని ఆ గిటారును నిండుగా వాయించాను. ఎవరికీ వినిపించలేదు. నా పక్కటెముకలకు మాత్రం ప్రతి స్వరం తగిలింది. పెళ్ళికూతురు ఏడుస్తూ నవ్వుతూ గేటు వైపే చూస్తోంది.

భోజనానికి ఉండమంటే అన్న ఉండలేదు. అక్కడ వంట అయిపోతుంటుంది, పోవాలన్నాడు. మాస్టారి భార్య రెండు బుట్టల బూందీ లడ్లు ట్రాలీలో పెట్టించింది. ఆ సాయంత్రం రోడ్డు మీద కూర్చున్న వాళ్ళందరూ తెనాలి లడ్లు తిన్నారు.

రాష్ట్రం వచ్చిన రోజు అన్న మిఠాయి డబ్బా పట్టుకుని మాస్టారింటికి పోయాడు. చక్కెర జబ్బు ఉన్నా మాస్టారు ఒకటి తిని ఇంకొకటి అడిగి తీసుకున్నారట. ఆ తర్వాత పండక్కీ పబ్బానికీ ఒకరింటికి ఒకరు పోయేవారు, టీ తాగేవారు, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకునేవారు. కానీ ఇద్దరూ మళ్ళీ ఒక స్టేజీ ఎక్కలేదు. పట్టింపులేం లేవు. రేపు మాపు అనుకుంటుండగానే ఆర్కెస్ట్రాను పిలిచేవాళ్ళు తగ్గారు, డీజేలు వచ్చారు, మాస్టారి రెండో చెయ్యి కూడా బిగుసుకుంది. భుజం నొప్పితో బరువులెత్తొద్దని డాక్టరు చెప్పాక నేను నా తేనెరంగు గిటారును మూసారాంబాగ్‌లో ఒక చర్చి పాటల బృందానికి ఇచ్చేశాను. మాస్టారు పోయి రెండేళ్ళవుతోంది. పాడె ముందు డప్పు కొట్టింది అన్నే.

ఇప్పుడు ఆ రోడ్డు మీద పిల్లర్లు, పిల్లర్ల మీద మెట్రో. నేనూ అందులోనే పోయొస్తుంటాను. మాస్టారి మనవడు ఏందని అంటాడు, అన్న మనవరాలు ఏంటని అంటుంది. ఎవరు ఎక్కడివాళ్ళో మాటను బట్టి చెప్పడం కష్టమైపోయింది, అది మంచికే. మెట్రో పెట్టెలో కూర్చున్న పిల్లలందరి చెవుల్లోనూ పాటలుంటాయి. ఒకడు తల ఊపుతుంటాడు, పక్కనున్న పిల్ల వేళ్ళతో ఒళ్ళోని సంచీ మీద తాళం వేస్తుంటుంది. ఎవరు ఏ పాట వింటున్నారో ఇంకొకరికి తెలియదు, తెలియనక్కర్లేదు కూడా. వాళ్ళను తప్పుపట్టను, వాళ్ళ పాటలు వాళ్ళవి. కాకపోతే మా రోజుల్లో పాటల మీద పోట్లాటలయ్యేవి, స్నేహాలు చెడేవి, మనసులు విరిగేవి. ఆ పోట్లాట కోసమైనా అందరం ఒకేచోట నిలబడి, ఒకే పాట వినేవాళ్ళం.